పలక మీద మూడో పని

మా మామయ్యగారు పోయారన్న కబురు పక్కింటి పిన్నిగారు తెచ్చారు. నేను నమ్మలేదు. అంతకుముందు వారమే ఆవిడ ముసునూరులో వడగళ్లు పడి మామిడికాయంతా రాలిపోయిందని చెప్పి వెళ్లారు. అక్కడ చినుకు కూడా పడలేదని తర్వాత తెలిసింది. అందుకని పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే, "ఎవరు చెప్పారండీ?" అని అడిగాను. ఆవిడ గుమ్మంలో కూలబడ్డారు. అప్పుడు నమ్మాను. తోటలో మధ్యాహ్నం అన్నం తిని, చెయ్యి కడుక్కుని, చెట్టుకు ఆనుకుని కూర్చున్న మనిషి మళ్లీ లేవలేదట.

ఇంకా ఎండ ఉండగానే వచ్చింది ఆ కబురు. ఆయనే ఉంటే దాన్ని కూడా సాయంత్రం దాకా ఆగమనేవారు.

మీలో మామిడి కాపు రోజులు చూసినవారికి తెలుసు, అప్పుడు మా నూజివీడు వైపు ఇళ్లకు ఎన్ని మాటలు వచ్చి పడతాయో. తెల్లారేసరికి ఒకరు వచ్చి బెజవాడలో రేటు పెరిగిందంటారు. వెనకాలే వచ్చిన పాలవాడు పడిపోయిందంటాడు. బాపులపాడు బస్సు కండక్టరు ఇంకో రేటు చెబుతాడు. కిళ్లీకొట్టు రేడియో గాలివాన వస్తుందంటుంది. వీటికి తోడు వ్యాపారులు రాసే పోస్టు కార్డులు. అన్నీ వింటూ కూర్చుంటే చెట్టెక్కిన మనిషి దిగుతాడు, దిగినవాడు మళ్లీ ఎక్కుతాడు, కాయ మాత్రం కొమ్మనే ఉంటుంది. మామయ్యగారు పగలు ఏదీ వినేవారు కాదు. సాయంత్రం స్నానం చేసి, అరుగు మీద కూర్చుని, తాంబూలం వేసుకున్నప్పుడు వినేవారు. అదీ ఆకు నమిలినంతసేపే. నోరు పుక్కిలించారంటే ఆ రోజుకు కబుర్లు అయిపోయినట్టే.

ఒకసారి ఒక దళారీ పొద్దున్నే పరుగెత్తుకొచ్చాడు. "కొంప మునిగే సంగతండీ."

"మునిగేదైతే ఈపాటికి మునిగే ఉంటుంది. మజ్జిగ తాగి వెళ్లు. సాయంత్రం చెబుదువుగాని."

ఈ పద్ధతి వల్ల మాకు అన్నిసార్లూ మంచే జరిగిందని చెప్పను. ఒక ఏడు మంచి రేటు రాసిన కార్డు పొద్దున వస్తే ఆయన సాయంత్రం చదివించుకున్నారు. అప్పటికే ఆ లారీ వెళ్లిపోయింది. మా ఆయన రెండు రోజులు తండ్రితో మాట్లాడలేదు. "పోనీలేరా. ఆ పూట కాయ దెబ్బ తగలకుండా దిగిందిగా" అన్నారు మామయ్యగారు. ఆ జవాబు మా ఆయనకు నచ్చలేదు. నాకూ నచ్చలేదు.

ఇక పలక సంగతి. ఆయన వయసులో ఉండగా చెట్టు మీద నుంచి పడితే కుడిచేతి బొటనవేలు బిగుసుకుపోయింది. రాయలేరు. చదవడం వచ్చు, పెదవులు కదుపుతూ, ఒక్కొక్క అక్షరం. నేను కాపురానికి వచ్చేసరికి అత్తయ్యగారు లేరు. నేను ఐదో తరగతి దాకా చదివానని తెలిసి, వచ్చిన మూడో రోజే పలకా బలపమూ తలుపు సందులోంచి లోపలికి పెట్టారు. నేను ఆయన ఎదుటపడేదాన్ని కాదు. తలుపు వెనకే నిలబడేదాన్ని.

"రాయమ్మాయ్. ఒకటి, తూర్పు వైపు చిన్నరసాలు దించాలి. రెండు, గంపల్లోకి గడ్డి తేవాలి. మూడోది నీది, నువ్వే రాసుకో."

"నాలుగోది ఏంటి నాన్నా?" అని బయట మా ఆయన నవ్వారు.

"నాలుగు రాసినవాడికి ఒకటీ అవదురా."

ఆ పలక నడవాలో మేకుకు వేలాడేది. పొద్దున వచ్చిన కార్డులు దాని వెనకే దోపేవారు. సాయంత్రం అయిన పనిని తడిగుడ్డతో తుడిచేవారు. కాని పనిని తుడిచేవారు కాదు. అది అయ్యేదాకా ఆ వరుసలో కొత్తది ఎక్కేది కాదు. మూడో వరుస దగ్గరికి వచ్చేసరికి మాత్రం చాలాసేపు నిలబడేవారు. ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు. పిన్నిగారిని అడిగాను.

"ఎందుకేంటే పిచ్చిదానా, నీ పనితనం చూస్తున్నాడు. రేపు మీవాళ్లు వచ్చినప్పుడు చెప్పొద్దూ, ఇదిగో మీ పిల్ల సంగతి అని?"

ఆ మాట నాలో దిగబడిపోయింది. ఆ రోజు నుంచి "పెరడు ఊడవాలి", "నీళ్ల గాబు కడగాలి" అని రాసేదాన్ని. తప్పు దొరక్కుండా సగం పని ముందే చేసి, తర్వాత రాసేదాన్ని. రెండు కాపులు అలాగే గడిచాయి.

మూడో ఏడు, కాపు మంచి ఊపులో ఉండగా, గాజులామె ఒక మాట చెప్పింది. మా పుట్టిల్లు జి. కొండూరు వైపు. మా అమ్మకు చూపు మందగించిందని, మనుషుల్ని గొంతు విని పోల్చుకుంటోందని. నేను అమ్మను చూసి ఏడాదిన్నర. కాయ దించే రోజుల్లో పంపమని ఏ నోటితో అడగను? మర్నాడు పొద్దున పలక మీద నా చెయ్యి దానంతటదే "అమ్మను చూడాలి" అని రాసింది. చెరుపుదామనుకునేలోపు ఆయన అందుకున్నారు.

ఆ సాయంత్రం పై రెండూ తుడిచారు. మూడోదాని ముందు నిలబడ్డారు. తుడవలేదు. మర్నాడూ తుడవలేదు. అరుగు మీదికి వచ్చేవాళ్లందరికీ ఆ పలక కనిపిస్తుంది. "చూశావా, నలుగురికీ చూపిస్తున్నాడు" అన్నారు పిన్నిగారు.

మూడో రోజు పొద్దున నేను బలపం పట్టుకుని తలుపు వెనక నిలబడితే, బయట నుంచి ఆయన గొంతు వినిపించింది. "మొన్నటిది ఇంకా ఉంది. ముందు అది. బస్సు దాకా బండి కట్టరా."

"ఈ రోజుల్లోనా? ఆఖరి కాయ దిగాక పంపుదాం నాన్నా."

"పలక ఎక్కింది కదరా." తర్వాత తలుపు వైపు తిరిగి, "పెట్టె కూడా తీసుకెళ్లమ్మాయ్. చూసి రావడం కాదు, ఉండి రా" అన్నారు.

కాపురానికి తెచ్చుకున్న పెట్టెలోనే బట్టలు సర్దుకున్నాను. పిన్నిగారు బండి దగ్గరికొచ్చి, "పెట్టెతోనా పంపుతున్నారు?" అన్నారు. ఆ మాటే దారంతా వినిపించింది. నన్ను వదిలించుకున్నారనే అనుకున్నాను. అమ్మ నా ముఖం తడిమి చూసి, "చిక్కావేంటే, ఏమన్నా అన్నారా?" అంది. ఏమీ లేదన్నాను. పన్నెండు రోజులు వీధి వైపే చూశాను. పదమూడో రోజు మా ఆయన వచ్చి తీసుకెళ్లారు.

ఇంట్లో అడుగుపెట్టగానే పలక చూశాను. పైన రెండు పనులు మా ఆయన వంకర రాతలో ఉన్నాయి. మూడో వరుస ఖాళీ.

"దాంట్లో నన్ను రాయనిస్తేగా" అని విసుక్కున్నారు మా ఆయన. "అది అమ్మాయిదిరా అంటాడు నాన్న."

నేను నమ్మలేదు. నేను వస్తున్నానని పొద్దున్నే తుడిచి ఉంటారనుకున్నాను. ఎవరూ లేనప్పుడు దగ్గరికి వెళ్లి వేలితో రుద్ది చూశాను. పై రెండు వరుసలూ రాసి, తుడిచి, మళ్లీ రాసి బూడిదరంగుకు తిరిగాయి. మూడోది మాత్రం ఇన్నాళ్లూ బలపం తగలక నల్లగా ఉంది.

అప్పటి నుంచి నా పనులే రాశాను. జామ మొక్క నాటాలని, మధ్యాహ్నం కాసేపు చదువుకోవాలని. ఏదీ రాతతోనే ఆగిపోలేదు. నేను చదువుకునే పూట ఎవరొచ్చినా ఆయనే అరుగు మీద ఆపేవారు. ఈ ఇంట్లో నాకంటూ ఒక చోటు ఉందంటే అది ఆ వరుసే. అయినా అనుమానం పూర్తిగా పోలేదు. మూడో వరుస ముందు అంతసేపు ఎందుకు నిలబడతారు? నిదానంగా చదువుతారనా, నన్ను తూచడానికా? ఆ ఏడు నన్ను పంపింది నా కోసమా, తన పలక ఖాళీ కావడం కోసమా?

ఆయన పోయిన రోజు పొద్దున ఎలాగో ధైర్యం చేసి రాశాను, "మామయ్యగారిని ఒక మాట అడగాలి" అని. ఆయన పెదవులు కదుపుతూ చదివారు. చదివి, తలుపు వైపు చూసి నవ్వారు.

"సాయంత్రం అడుగమ్మాయ్. ఆకు వేసుకునేటప్పుడు." తువ్వాలు భుజాన వేసుకుని తోటకు వెళ్లారు.

పెద్దకర్మ అయ్యాక మా ఆయన తడిగుడ్డ తెచ్చారు. కాయ దిగింది, తుడిచారు. గడ్డి వచ్చింది, తుడిచారు. మూడోదాని దగ్గర ఆగి నా వైపు చూశారు. నేను తల అడ్డంగా ఊపాను.

పలక ఇంకా ఆ మేకుకే ఉంది. దాని వెనక ఆయన పోయిన రోజు పొద్దున వచ్చిన కార్డులు రెండు, ఎవరూ చదవకుండా.