ఈల ఊదినాక విసరాలి

మేము ఆడుకునే ఒక ఆటను టీవీ కోసం బాగుచేస్తామని మా వాళ్ళు మగ్గాల పనికి వలస వచ్చిన మరాఠీ ఊరు భివండిలో ఒకప్పుడు కొందరు బయల్దేరారు. బాగుచేయడమంటే ఏమిటో నాకు ఆ ఒక్క శుక్రవారం బాగానే తెలిసింది. అప్పటినుంచి ఎవరైనా ఏదైనా బాగుచేస్తామంటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ ఆటకు మూతలాట అని పేరు. మా మరమగ్గాలకు, అంటే మా వాళ్ళు సాంచెలనే వాటికి, పూసే గ్రీసు ప్లాస్టిక్ బకెట్లలో వచ్చేది. ఆ బకెట్ల మూతలు అన్నం తినే పళ్ళెమంత ఉండేవి. అంచు పట్టుకుని మణికట్టు తిప్పి విసిరితే గాలిలో తేలుతూ చాలా దూరం పోయేవి. మా పేట నార్పోలిలో, కార్ఖానా గేటు దగ్గర మొదలుపెట్టి, సందుల్లో అక్కడక్కడ కట్టిన గంపల్లో వరుసగా మూత వేసుకుంటూ పోవాలి. దారం చుట్టిన కండెలు మోసే పాత గంపలే అవి. ఒకటి కరెంటు స్తంభానికి, ఒకటి చాయ్ బండి వెనక గోడకు, ఒకటి నల్లా పక్కన ఇనుప నిచ్చెనకు వేలాడేవి. మూత ఎక్కడ పడితే మళ్ళీ అక్కడినుంచే విసరాలి. తక్కువసార్లు విసిరి అన్ని గంపలూ దాటినవాడు గెలిచినట్టు. మూత కిటికీలోంచి మా వంటింట్లో పడితే ఆటగాడు చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చి, పొయ్యి పక్కన నిలబడి, మళ్ళీ కిటికీలోంచే బయటికి విసిరేవాడు. పప్పు గిన్నెలో పడిందంటే మాత్రం నా నోటికి అడ్డూ అదుపూ ఉండేది కాదు. శుక్రవారం సాంచెలకు సుట్టి, అంటే సెలవు, కాబట్టి ఆట శుక్రవారమే.

ఆటలో మాటలు లేవు. సాంచెల చప్పుడులో నోరు పనికిరాదు. అందుకే చాయ్ కావాలన్నా, దారం తెగిందన్నా, యజమాని సేఠ్ వస్తున్నాడన్నా కార్ఖానాలో చేతులతోనే చెప్పుకుంటారు. ఆ అలవాటే ఆటలోకీ వచ్చింది. గంప దగ్గర నిలబడ్డ అంపైరు చేయి పైకెత్తితే విసరమని, పిడికిలి ఛాతీకి ఆనిస్తే పడిందని, అరచేయి కిందికి తిప్పితే పడలేదని. ఆ అంపైరు మా కాక, మా నాయన తమ్ముడు. ఆయన చేయెత్తితే గల్లీ అంతా ఊపిరి బిగబట్టేది.

మా ఆయన ఆ ఆటలో మొనగాడు. పనిలో జాబర్. సాంచె మొరాయించినా, బట్టలో లోపం వచ్చినా జాబర్ వచ్చి సరిచేయాలి. జాబర్ బతికేది చెవితో. దారం మోసుకుని అటూ ఇటూ పరిగెత్తే నాడె చప్పుడు కొంచెం మారిందంటే లోపల ఏది వదులైందో అతను చెప్పాలి. అలాంటి మనిషికి చెవులు పోతున్నాయి. మొదట కుక్కర్ ఈల వినబడలేదు. తర్వాత పక్కింటి పసిపిల్ల ఏడుపు. చివరికి వెనకనుంచి నేను పిలిచినా పలకడం మానేశాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అనే సామెతను నేను ఆ రోజుల్లోనే మా ఇంట్లోంచి వెళ్ళగొట్టాను.

కార్ఖానాలో మాత్రం ఎవరికీ అనుమానం రాలేదు. అక్కడ చెవులున్నవాడూ లేనివాడూ ఒకే తీరుగా బతుకుతారు. ఆయన అరచేయి సాంచె చట్రం మీద ఆనించి, ఒక్కోసారి పానాను ఒక కొస పళ్ళ మధ్య పట్టుకుని రెండో కొస ఇనుముకు తాకించి, లోపలి దెబ్బను పసిగట్టేవాడు. ఎందుకలా అని అడిగితే అలవాటనేవాడు. డాక్టరుకు చూపించుకొమ్మని నేను పోరితే ఒకటే మాట.

“దవాఖానకు పోతే నాలుగు నోళ్ళల్ల పడ్తది. చెవుల్లేని జాబర్‌ను ఎవడు పెట్టుకుంటడే? మల్ల సాంచెల మీద నిలబడే వయసా నాది?”

అంత భయం ఆయనది. అందులో అబద్ధమేమీ లేదు. అందుకే మేమిద్దరం ఆ సంగతిని ఇంట్లోనే కప్పెట్టుకున్నాం.

ఇంటింటికీ కేబుల్ వచ్చాక, మా గల్లీలకు వైర్లు లాగినతను తనకంటూ ఒక చానల్ పెట్టుకున్నాడు. మావాడే, భివండిలో పుట్టి మరాఠీ బడిలో చదివినవాడు. పెళ్ళిళ్ళు, గణపతి ఊరేగింపులు, చీరల దుకాణాల ప్రకటనలు చూపించి చూపించి విసుగొచ్చిందేమో, అతని కన్ను మూతలాట మీద పడింది. ఒక సాయంత్రం మా ఇంటి ముందు మంచం మీద కూర్చుని కాకకూ మా ఆయనకూ కొత్త రూల్స్ చెప్పాడు. నేను గడపలో బియ్యం ఏరుతూ వింటున్నాను.

“గల్లీ గల్లీ తిరుగుడు బంద్ కాకా. కెమెరా వైరు గంత దూరం రాదు. మైదాన్ల ఒక్క లైన్ల గంపలు పెడదాం. చేతులు ఊపుడు వద్దు, టీవీల కొట్లాట లెక్క కనిపిస్తది. నువ్వు ఏసెటోని పక్కకు నిలబడి శిట్టీ కొట్టు. శిట్టీ కొట్టినంకనే ఎయ్యాలె. ముందుగాల ఏస్తే కెమెరా తిరుగది. లేట్ చేస్తే పబ్లిక్ బోర్ అయితది, ఇంకో శిట్టీ కొట్టు, వాని చాన్స్ ఖతం.”

కాకకు నచ్చలేదు. “మాటల్లేని ఆటరా ఇది. దీనికి ఈల ఎందుకు?” అన్నాడు.

“బయటి దేశాల గిదే ఆట ఉన్నది కాకా, టీవీల చూసిన. గొలుసుల గంపలు పెడ్తరు. ఆళ్ళకు రూల్స్ ఉన్నయి, మనకు లేవు.”

“మనకు లేవా” అని కాక మా ఆయన వైపు తిరిగాడు. పాత ఆటగాడు, నువ్వు చెప్పు అన్నట్టు ఇద్దరూ చూశారు. మా ఆయన నవ్వి తల ఊపాడు. కార్ఖానాలో జాబర్ తల ఊపాడంటే సాంచె బాగానే ఉంది, నీ పని నువ్వు చూసుకో అని అర్థం. వినబడనప్పుడల్లా ఆయన చేసేదీ అదే. ఇంక కాక ఒప్పుకున్నాడు. రూల్స్ ఖాయమైపోయాయి. తన మెడకు ఉచ్చు తానే బిగించుకున్నాడని మా ఆయనకు తెలియలేదు, గడపలో కూర్చున్న నాకు తెలిసింది.

వాళ్ళు వెళ్ళాక ఎదురుగా కూర్చుని అంతా విడమరిచి చెప్పాను.

“ఆడనని చెప్పరాదూ” అన్నాను.

“సేఠ్ ఇనాం ఇస్తుండట. మా జాబరే గెలుస్తడని అందరికి చెప్పుకున్నడు. ఆడనంటే ఎందుకని అడుగడా?”

ముందు నుయ్యి, వెనక గొయ్యి. అందుకని ఒక ఉపాయం పన్నాం. నేను గంపల అవతల, ఆయనకు ఎదురుగా ఆడవాళ్ళలో నిలబడాలి. ఈల మోగగానే కొంగు తలమీదికి లాక్కోవాలి. అది చూసి ఆయన విసరాలి. ఇంట్లో తలుపేసుకుని సాధన చేశాం. నాకు నోటితో ఈల వేయడం రాదు, ఉఫ్ఫుమని ఊదేదాన్ని. ఊదుతూ కొంగు లాక్కునేసరికి నాకే నవ్వొచ్చేది. ఆయనకు నవ్వు రాలేదు. నా చేతి నుంచి కళ్ళు తిప్పేవాడు కాదు.

ఆ శుక్రవారం శాంతి నగర్ అవతలి మైదానం నిండిపోయింది. రాలేనివాళ్ళు ఇళ్ళలో టీవీల ముందు కూర్చున్నారు. సేఠ్ ముందు వరుసలో కుర్చీ వేయించుకున్నాడు. ఆయనా మా వైపునుంచి వచ్చినవాడే, సాంచె నడిపి పైకొచ్చినవాడు. సేఠ్ చెవులు మాత్రం చక్కగా ఉన్నాయి. ఆట మొదలైంది. ఈల మోగడం, నా కొంగు తలమీదికి పోవడం, మూత గంపలో పడడం. అందరికంటే మా ఆయనే ముందున్నాడు. దేవుడా, ఇంకొక్క గంప అనుకున్నాను.

అప్పుడు కెమెరా అతను చేయి విసిరి ఏదో అరిచాడు. గంప వెనక ఆడవాళ్ళు కనిపిస్తున్నారట, టీవీలో బాగా లేదట. తాడు పట్టుకున్నవాళ్ళు వచ్చి మమ్మల్ని అందరినీ విసిరేవాళ్ళ వెనక్కి తోలారు. నేను పోనన్నాను. “వదినా, మీరే అడ్డం వస్తున్నరు” అని భుజం మీద చేయి వేసి మరీ నడిపించారు. ఇప్పుడు నాకు ఆయన వీపు కనిపిస్తోంది. ఆయన మూత పట్టుకుని, ఇందాక నేనున్న ఖాళీ జాగాలో నన్ను వెతుక్కుంటున్నాడు.

ఈల మోగింది. ఆయన కదలలేదు. వెయ్యి వెయ్యి అని జనం అరిచారు. “జాబర్ సాబ్ నిద్రపోయిండా ఏంది” అని మైకులో ఒకతను అన్నాడు. మైదానమంతా నవ్వింది. రెండో ఈల మోగింది. ఆ తర్వాత ఆయన పక్కనున్న కాక వైపు తిరిగి, సాంచెల చప్పుడును దాటాలన్నంత గొంతుతో అడిగాడు.

“కాకా, శిట్టీ ఇంక కొట్టవా?”

మైకు దాన్ని ఊరంతటికీ వినిపించింది. నవ్వు సగంలో ఆగిపోయింది. కాక నోట్లోంచి ఈల తీసేసి, పాత పద్ధతిలో చేయి పైకెత్తాడు. మా ఆయన ముఖం వెలిగింది. విసిరాడు. మూత వెళ్ళి సరిగ్గా గంపలో పడింది. “చాన్స్ అయిపోయింది, ఇది లెక్కలోకి రాదు” అని మైకు చెబుతుండగా ఆయన రెండు చేతులూ జోడించి కెమెరాకు దండం పెట్టాడు. నేను సేఠ్ వైపు చూశాను. సేఠ్ గంపను చూడడం లేదు. మా ఆయనను చూస్తున్నాడు.

మర్నాడు జరిగింది నాకు కార్ఖానాలో కండెలు చుట్టే ఆమె చెప్పింది. “ఇంక కరెంటు ఇయ్యలే అక్కా, అంత సప్పుడు లేకుండ ఉన్నది. సేఠ్ వచ్చి అన్న ఎనుక నిలబడి పేరు పెట్టి పిలిచిండు. మల్ల పిలిచిండు. అన్న పానా తుడుసుకుంటనే ఉన్నడు. సేఠ్ ఏమనకుండ బయటికి పోయిండు.”

తర్వాత మా ఆయనను ఊరవతల పూర్ణలో గోదాముకు మార్చారు, బట్ట తానులు ఎత్తే పనికి. అక్కడ నమ్మకమైన మనిషి కావాలని సేఠ్ చేతులతో, చిరునవ్వుతో చెప్పాడట. ఆయన ఇంటికొచ్చి చొక్కా విప్పుతూ అన్నాడు.

“ఆట ఓడిపోయిన్నని సేఠ్‌కు కోపమొచ్చినట్టుంది. పోనియ్. చెవుల సంగతి తెల్వలే, గదే నయం.”

వెనక్కి తిరిగితే ఎంత ఏడ్చినా ఆయనకు వినబడదు. తిరిగి, ఏడ్చాను.

ఆ తర్వాత చాయ్ బండివాడు, కూరగాయలామె, కేబుల్ బిల్లుకు వచ్చే మనిషి, గల్లీ మొత్తం ఆయనతో చేతులతోనే మాట్లాడడం మొదలుపెట్టింది. ఎవరూ ఆయన ముందు చెవుల మాట ఎత్తలేదు. “టీవీల వచ్చినంక అందరికి మన కార్ఖానా భాష మీద మోజు పుట్టింది సూడు” అని ఆయన మురిసిపోయాడు. ఊరంతా ఎరిగిన సంగతిని ఆయన ఒక్కడే చివరిదాకా కాపాడుకుంటూ వచ్చాడు. ఇంటికి ఎవరైనా వస్తే చాలు, వాళ్ళు గడప దాటకముందే నా చేయి పట్టుకునేవాడు.

“నా పక్కనే కూసో. నువ్వు లేకపోతే తెలిసిపోతది” అనేవాడు.

నేను కూర్చునేదాన్ని.