మూడో కేక

మాబాషా గొంతు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. ముసలివాడయ్యేదాకా కర్నూలు మున్సిఫ్ కోర్టులో బిళ్లబంట్రోతుగా ఉన్నాడు. వాళ్ల నాయన కోడుమూరు సంతలో గాజులు అమ్మేవాడు. చిన్నప్పుడు ఆయన వెంట తిరుగుతూ అరిచి అరిచి సంపాదించిన గొంతు అది! కోర్టు వసారాలో నిలబడి కక్షిదారు పేరు పిలిస్తే రోడ్డు మీద ఎద్దులు బెదిరేవి. నేను ఆ వసారాలోనే అర్జీలు రాసుకుని బతికేవాణ్ణి, ఇక నా చెవుల సంగతి అడక్కండి.

కోర్టులో పద్ధతి మూడు కేకలు. దావా వేసినవాళ్లు మూడింటికీ పలక్కపోతే దావా కొట్టేస్తారు, అంతే.

1926 వానాకాలంలో ఒకరోజు సుంకమ్మ దావా విచారణకు వచ్చింది. ఆమెది కోడుమూరు దగ్గర పల్లె. మొగుడు చనిపోగానే అతని భాగానికొచ్చిన చేనును మరిది ఉరుకుందప్ప కాజేయబోయాడు. "మా వదిన పొలం వదిలేసి పుట్టింటికి పోయింది" అని ఊరూరా చాటాడు. ఆమెకు వకీలును పెట్టుకునే స్తోమత లేదు, దావా కాగితం రాసిచ్చింది నేనే. ఆ చేను పోతే గంజికి కూడా గతి లేదు.

మొదటి కేకకు పలుకు లేదు. రెండో కేకకూ లేదు. ఉరుకుందప్ప ముసిముసిగా నవ్వుతున్నాడు. నా ఒళ్లు మండిపోయింది.

"యాడ చచ్చిందప్పా ఈమె? పొద్దున్నే వస్తానన్యాదే!" అని మాబాషాను నిలదీశాను.

"తాలూకా కచేరీ ముందర కూచోనింటాది సుబ్బయ్యా. పల్లె జనం అందరూ ఆడికే పోతారు," అన్నాడు.

నిజమే కదా! పల్లెలో పన్ను వసూలు చేసేదీ ఊరిపెద్ద రెడ్డే, చిన్న తగువు తీర్చేదీ రెడ్డే. సర్కారంటే ఒకటే గడప. పట్నంలోనో? పొలం తగాదాకు మున్సిఫు, ఆయన మీద జిల్లా జడ్జి, ఆయన మీద మద్రాసు హైకోర్టు, అక్కడా తెగకపోతే సముద్రం దాటి లండన్! పన్నుకేమో వీధి అవతల తాలూకా కచేరీలో తాసిల్దారు. ఆ తాసిల్దారే మళ్లీ చిల్లర నేరాలకు మేజిస్ట్రేటు! ఇంత గందరగోళం వాళ్లే పెట్టి, పల్లె మనిషి గడప తప్పితే దావా కొట్టేస్తారట. ఇదేం న్యాయం, నా తలకాయ!

"మూడో కేక ఇంగా వేయలేదు గదా," అంటూ మాబాషా ఒక్క దూకున మెట్లు దిగి పరుగెత్తాడు. అడక్కుండా తలుపు వదిలితే ఉద్యోగానికే ఎసరు.

లోపల మున్సిఫు గారు కలం ఎత్తి పట్టుకున్నారు. "మూడో కేక ఏదీ?" అని గద్దించారు. అప్పుడు వినబడింది, వీధి అవతలి నుంచి:

"సుంకమ్మా... ఓ సుంకమ్మా! హాజరా...?"

"ఈడే ఉండా! వస్తాండా! నన్ను ఇడిసిపెట్టి తీర్పు జెప్పొద్దండి సామీ!"

అబ్బ! వసారా అంతా గొల్లున నవ్వింది. సద్దిమూట చంకన పెట్టుకుని ఆమె ముందు, రొప్పుతూ మాబాషా వెనక. నేను ఎగిరి గంతేశాను, సిరా బుడ్డి ఒలికిపోయింది.

"ఎవరు పొమ్మన్నారు నిన్ను?" అని మున్సిఫు గారు కళ్లెర్రజేశారు.

"తప్పే హుజూర్. ఆమెకు ఇనపడే చోట నిలబడి పిలిసినా."

"ఇంకోసారి తలుపు వదిలితే నీ బిళ్ల ఊడుతుంది," అని ఆయన సుంకమ్మ వైపు తిరిగారు. "ఏమ్మా, పొలం వదిలేసి పుట్టింటికి పోయావట కదా?"

"పోయింది నా మొగుడు సామీ, నేను యాడికీ పోలేదు. మొన్న ఈయప్ప నా చేన్లో మడక కట్టి దున్నబోతే అడ్డం పడినా. కొట్టేకి చెయ్యెత్తినాడు, కొరికినా. పండ్ల గుర్తులు ఉండాయో లేదో మీరే చూడండి!"

ఉరుకుందప్ప కుడిచేయి గబుక్కున కండువా కిందికి పోయింది.

"చెయ్యి బయటికి తియ్యి," అన్నారు మున్సిఫు గారు.

ఆ ఏడు ఆ చేన్లో కొర్ర విత్తింది సుంకమ్మే.