ముఖ్య అతిథి వస్తే నేనెందుకు లేవలేదంటే

మొన్న సన్మాన సభలో ముఖ్య అతిథి స్టేజీ ఎక్కితే అందరూ లేచారు, నేను ఒక్కణ్ణే కూర్చున్నానని ఊరంతా చెప్పుకుంటున్నారట. "ఆడపిల్లలు డెన్మార్క్ నుంచి కప్పు తెచ్చేసరికి ఆ క్లబ్ ప్రెసిడెంట్ ముసలాయనకు బలుపు ఎక్కింది" అని బస్టాండ్ దగ్గర హోటల్లో కూడా అన్నారట. అయ్యా, నేను లేవకపోవడం కాదు, లేవలేకపోయాను! అసలు సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. చాయ్ రానివ్వండి, మొదటి నుంచి చెప్తాను. నవ్వేవాళ్ళు గ్లాసు కింద పెట్టుకుని నవ్వండి.

ముందు శాలువ గురించి చెప్పాలి. శాలువ లేకపోతే ఇందులో కథే లేదు.

మన నారాయణఖేడ్ గ్రౌండ్‌లో గోల్ పడితే ఏం చేస్తాం? కోచ్ ప్రేమలత విజిల్ ఊది ఆట ఆపుతుంది. మైకులో గోల్ కొట్టిన పిల్ల పేరు, ఊరు, తండ్రి పేరు చదువుతారు. క్లబ్ ప్రెసిడెంట్, అంటే నేను, శాలువ పట్టుకుని నెమ్మదిగా లోపలికి నడుస్తాను. పిల్లకు కప్పుతాను. ఫోటో తీసే అతను "సార్, జెర ఇటు సూడుండ్రి" అంటాడు. అవతలి జట్టు పిల్లలు కూడా చప్పట్లు కొడతారు. ఆ పిల్ల శాలువ మడిచి నాకే వాపస్ ఇస్తుంది, మళ్ళీ గోల్ పడితే కావాలి కదా! అప్పుడు గాని బంతి మధ్యకు రాదు. ఒకసారి కల్హేర్ జట్టుతో ఆడినప్పుడు మనవాళ్ళు గోల్ మీద గోల్ కొట్టారు. సన్మానాలు చేసీ చేసీ మ్యాచ్ సగంలో ఉండగానే పొద్దు గుంకింది. ఎవరూ తప్పు పట్టలేదు. కల్హేర్ వాళ్ళయితే సంతోషించారు కూడా, లేకపోతే ఇంకెన్ని పడేవో!

నేనేమీ ఆట తెలియనివాణ్ణి కాదు. హైదరాబాద్‌లో డిగ్రీ చదివేటప్పుడు కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో ఎక్స్‌ట్రాగా ఉన్నాను. చదువు అయిపోయేదాకా బెంచీ మీదే కూర్చుని ఆటంతా చూశాను. ఆడేవాడికి బంతే కనిపిస్తుంది, కూర్చున్నవాడికి రూల్స్ కనిపిస్తాయని చాలామందికి చెప్పేవాణ్ణి. ఇప్పుడు చెప్పడం లేదు.

ఇక మన పిల్లల సంగతి మీకు తెలిసిందే. స్వరూప అప్పటికే రాష్ట్ర జట్టుతో నేపాల్ వెళ్ళివచ్చింది. డెన్మార్క్ వెళ్ళే విమానంలో సీటు బెల్టు ఎట్లా పెట్టుకోవాలో దారి పొడుగునా మాకందరికీ తనే నేర్పింది, పైలట్‌కు తప్ప! రెండో పిల్ల సలోమి. నాగల్‌గిద్ద పిల్ల. కంది చేను గట్ల మీద చెప్పుల్లేకుండా బంతి తన్ని తన్ని, చివరికి జిల్లాలో ఎక్కువ గోల్స్ కొట్టిన పిల్ల అయింది. వాళ్ళది సరిహద్దు కాబట్టి కన్నడం వస్తుంది. బంతి కావాలంటే "ఇల్లి! ఇల్లి బా!" అని అరుస్తుంది. ఇక్కడికి రా అని కన్నడం, అంటే బంతి ఇటు కొట్టమని. జిల్లా మ్యాచ్‌ల్లో అవతలివాళ్ళకు అర్థం కాకూడదని అలవాటు చేసుకున్నారు. డెన్మార్క్‌లో కూడా అట్లాగే అరుస్తుంటే, "బిడ్డా, వీళ్ళకు తెలుగు మాత్రం వచ్చా?" అన్నాను.

"అలవాటు తాతా. తెలుగుల అడిగితె కాలు లేస్తలేదు" అంది.

బయలుదేరే రోజు సలోమి తండ్రి దేవదాసు నన్ను బస్సు పక్కకు పిలిచాడు. కూలి పని మానుకుని వచ్చాడు పాపం. "సారు, కప్పు సంగతి అటుంచు. గెలిస్తె గెలుస్తరు, లేకుంటె లేదు. నా పిల్ల మొఖం చిన్నగ చేస్కొని రావొద్దు. గది నీ జిమ్మ" అన్నాడు.

"నా జిమ్మ, నాదే పూచీ" అని చేతిలో చెయ్యి వేశాను.

డెన్మార్క్‌లో అదొక చిన్న ఊరు. పోటీకి ఎన్నో దేశాల పిల్లలు వచ్చారు. మమ్మల్ని ఒక బడిలో ఉంచారు. రాత్రి భోజనం వేళకు కూడా ఎండ తగ్గదు. జొన్నరొట్టె, కారం ఎండలో కూర్చుని తిని, ఎండలోనే కిటికీలకు దుప్పట్లు కట్టుకుని పడుకునేవాళ్ళం. నేను ఇక్కడి నుంచి శాలువల కట్ట తీసుకెళ్ళాను. బస్సు డ్రైవర్‌కు కప్పాను. వంట చేసే ఆమెకు కప్పాను. బడి హెడ్మాస్టర్‌కు కప్పాను. గ్రౌండ్‌లో గడ్డి కోసే అతను యంత్రం దిగడానికి ఒప్పుకోకపోతే దానిమీదే కప్పాను. నా వైపు ఎవరు నడిచివచ్చినా నా చేతులు వాటంతట అవే లేచేవి.

"తాతా, గిట్ల కప్పుకుంట పోతె మనకు ఒక్కటన్న మిగుల్తదా?" అంది సలోమి.

"ఒకటి దాచిన బిడ్డా. ఫైనల్‌ల గోల్ కొట్టినోళ్ళకు."

ఆ మాట అన్నందుకు నాలుక కరుచుకున్నాను. ఎందుకంటే మన జట్టు గెలుస్తూనే ఉంది, స్వరూప కొడుతూనే ఉంది, సలోమికి మాత్రం ఒక్క గోల్ కూడా పడటం లేదు! తన్నితే స్తంభానికి తగులుతుంది. తల పెడితే పై కర్రకు తగులుతుంది. రోజూ సాయంత్రం నా సెల్‌ఫోన్‌లో తండ్రితో మాట్లాడేది.

"ఏమాయె బిడ్డా?"

"ఇయ్యాల గూడ పడలె నాయినా."

"రేపు పడ్తది తియ్యి. చర్చిల అందరం ప్రార్థన చేస్తున్నం."

ఫోన్ నాకు ఇచ్చేసి, బడి వెనక్కి వెళ్ళి గోడకేసి బంతి తన్నుకునేది. ఆ చప్పుడు వింటుంటే దేవదాసుకు ఇచ్చిన మాట గుర్తొచ్చేది.

ఫైనల్ వచ్చింది. అవతల ఆ దేశం పిల్లలే. ఒక్కొక్కరూ జొన్న చేను ఎత్తు! అంతవరకు నేను తాడు అవతల నిలబడే చూశాను. ఆ చిన్న మ్యాచ్‌లకు సన్మానాలు అక్కర్లేదు కాబోలనుకున్నాను. ఫైనల్ రోజు మాత్రం మా అసిస్టెంట్ కోచ్‌కు అక్కడి చీజ్ పడక కడుపు పట్టేసింది. ఆమె కార్డు నా మెడలో వేసి నన్ను జట్టు బెంచీ మీద కూర్చోబెట్టారు. చూశారా, ఇంత చదువుకుని, ఇంత వయసు వచ్చాక, మళ్ళీ బెంచీయే!

అవతలివాళ్ళు ముందు ఒక గోల్ కొట్టారు. మేం డీలా పడ్డాం. తర్వాత మనకు ఫ్రీ కిక్ వస్తే స్వరూప కొట్టింది చూడండి, బంతి వంకర తిరిగి మూలలోంచి లోపలికి వెళ్ళింది! ఒకటికి ఒకటి! నాకు ఒళ్ళు పులకరించింది. వెంటనే సంచిలోంచి శాలువ తీశాను. దాన్ని ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి ముడి వేసింది మా ఇంటావిడ. ఆమె ముడి వేసిందంటే మళ్ళీ ఆమే విప్పాలి. చదువుకునే కళ్ళద్దాలు పెట్టుకుని గోళ్ళతో లాగాను. రాలేదు. పళ్ళతో లాగాను. వచ్చింది. శాలువ దులిపి, మడత సరిచేసి, స్వరూప కోసం లోపలికి నడిచాను. అక్కడ ఫైనల్‌లో కూడా గోల్ పడిన వెంటనే బంతి మధ్యలో పెట్టి ఆట మొదలుపెట్టేస్తారని నాకేం తెలుసు! మైకులో తండ్రి పేరైనా చదవాలి కదా! పైగా ఆ కళ్ళద్దాలతో దూరంగా ఉన్నదంతా మంచులాగా ఉంది. ప్రేమలత అటు చివర గోల్‌కీపర్ మీద అరుస్తూ ఉంది, నన్ను చూడలేదు.

"స్వరూపా! ఓ స్వరూపా!" అని పిలుచుకుంటూ నడుస్తున్నాను. అంతలో ఆ చివర పెద్ద కేక. చప్పట్లు. అద్దాలు తీసి చూస్తే ఏముంది, సలోమి గోల్ కొట్టేసింది! గడ్డి మీద వెల్లకిలా పడి, చేతులు చాచి, ఆకాశం వైపు చూసి నవ్వుతోంది. దేవదాసూ, నీ ప్రార్థన ఫలించిందయ్యా అనుకున్నాను. రెండు గోల్స్, చేతిలో ఒకటే శాలువ, ఎవరికి కప్పాలి అని ఆలోచిస్తూ గ్రౌండ్ నడిమధ్యలో నిలబడ్డాను.

రెఫరీ పడుచుపిల్ల. నా వైపే గబగబా వస్తోంది. సభలో పెద్దమనిషి కనిపించాడు, పలకరించడానికి వస్తోంది అనుకున్నాను. నా వైపు ఎవరైనా నడిచివస్తే నా చేతులు ఏం చేస్తాయో చెప్పాను కదా. కప్పేశాను! రెఫరీకి! శాలువ కప్పి, రెండు చేతులూ జోడించి, ఫోటో కోసం పక్కకు తిరిగి నిలబడ్డాను కూడా!

గ్రౌండ్ గ్రౌండంతా గొల్లున నవ్వింది. ఆ అమ్మాయి నవ్వలేదు. శాలువ తీసి చక్కగా మడిచి, మన పిల్లలకన్నా బాగా మడిచి, నా చేతిలో పెట్టింది. నా మెడలో కార్డు చూసింది. గీత దగ్గర జెండా పట్టుకున్నామెతో మాట్లాడింది. తర్వాత రెండు చేతులూ అడ్డంగా ఊపింది. బోర్డు మీద మన రెండు మళ్ళీ ఒకటైంది.

ప్రేమలత పరుగెత్తుకొచ్చింది. "సార్! మీరెందుకు లోపలికి వచ్చిండ్రు?"

"స్వరూప గోల్ కొట్టింది కదమ్మా, శాలువ..."

"ఆట నడుస్తుంది సార్! గోల్ కొట్టిన జట్టు మనిషి ఒకరు ఎక్కువ లోపల ఉంటె గా గోల్ చెల్లదు! సలోమి గోల్ తీసేసిండ్రు సార్, మీ వల్ల!"

సలోమి అప్పుడే లేచింది. బోర్డు చూసింది. నన్ను చూసింది. "తాతా..." అంది, అంతే. తిట్టినా బాగుండేది. మొఖం చిన్నదైపోయింది. నా జిమ్మ!

రెఫరీ నాకు కార్డు చూపించలేదు, వేలు చూపించింది. గేటు వైపు. శాలువ చంకలో పెట్టుకుని బయటికి నడిచాను. అంత పొడుగు గ్రౌండ్ నేను ఎక్కడా చూడలేదు.

బయట ఎత్తుగా మొక్కల కంచె. ఏమీ కనిపించదు. పక్కన కాఫీ అమ్మే ముసలామె బండి. నా మొఖం చూసి ఏమనుకుందో, ఖాళీ సీసాల డబ్బా బోర్లించి ఎక్కమని సైగ చేసింది. ఎక్కితే నా తల కంచె పైకి వచ్చింది గాని, గోల్ స్తంభాల పై కర్ర, పొడుగు పిల్లల జుట్లు తప్ప ఏమీ కనిపించలేదు. మన పిల్లలు పొట్టివాళ్ళు కదా! ఇక చెవులే దిక్కు. హనుమంతుడికి మొక్కాను. ఆయన ఒక్కడికే ఎందుకు భారం అని దేవదాసు వాళ్ళ చర్చికి కూడా మొక్కాను.

ఎంతసేపని! బంతి పైకి లేస్తుంది, కిందికి పోతుంది. కేకలు వస్తాయి, ఆగిపోతాయి. ఎవరివో తెలియదు. అంతలో గొంతు చీలిపోయేలా వినిపించింది. "ఇల్లి! స్వరూపా, ఇల్లి బా!"

మునివేళ్ళ మీద లేచాను. దబ్ అని చప్పుడు. తర్వాత, "కొట్టిందే! సలోమి కొట్టిందే!" అని మన తెలుగులో కేక!

డబ్బా మీద ఎగిరాను. ఈ వయసులో! ఎగిరినప్పుడల్లా కనిపించింది, సలోమి నేరుగా కంచె వైపే పరుగెత్తుకొస్తోంది. నాకు కళ్ళనిండా నీళ్ళు. తాతను క్షమించింది, దగ్గరికి వస్తోంది అని చేతులు చాపాను. అది దూరం నుంచే రెండు చేతులూ అడ్డం పెట్టి అరిచింది.

"తాతా! మళ్ళ కొట్టిన! నువ్వు గాడ్నే ఉండు! లోపలికి రాకు!"

వెనక జట్టంతా అందుకుంది. "రాకు తాతా! రాకు! రాకు!"

అదేదో మన విజయ నినాదం అనుకుని కాఫీ ముసలామె కూడా చప్పట్లు కొడుతూ "రాకు! రాకు!" అని అందుకుంది. కంచె పక్కన నిలబడ్డ వాళ్ళంతా అందుకున్నారు. నేను లోపలికి రాకూడదని డెన్మార్క్ మొత్తం కోరుకున్న రోజు అది!

గెలిచాం. కప్పు మనదే! చివరి విజిల్ అయ్యాక ఆ రెఫరీ అమ్మాయే గేటు దాకా వచ్చింది. నా చంకలో శాలువ చూపించి, తన భుజాలు తట్టుకుని, లోపలికి రమ్మని చెయ్యి ఊపింది. ఈసారి నవ్వింది. వెళ్ళి సలోమికి కప్పాను. అది సగం లాగి స్వరూప భుజం మీద వేసింది. ఇద్దరూ ఒకే శాలువలో కప్పు ఎత్తుకున్నారు.

అక్కడి నుంచే దేవదాసుకు ఫోన్.

"నాయినా! రెండు కొట్టిన! ఒకటి తాత తీసేసిండు!"

"ఏ తాత?"

"మన తాతనే!"

"గాయనకు ఫోన్ ఇయ్యి."

తీసుకున్నాను. "దేవదాసూ..."

"సారు, పిల్ల మొఖం ఎట్లున్నది?"

చూశాను. "పళ్ళన్ని బయటనే ఉన్నయి."

"అయితె నీ జిమ్మ తీరింది పో" అన్నాడు.

దారిలో పిల్లలు ఒట్టు పెట్టుకున్నారు, ఈ సంగతి ఊళ్ళో ఎవరికీ చెప్పం అని. నమ్మాను. మొన్న సభలో సలోమి స్టేజీ ఎక్కి, "మా తాతకు మేము సన్మానం చేస్తం" అని నాకు శాలువ కప్పింది. ఊరంతా చప్పట్లు. నేను కళ్ళు తుడుచుకుంటూ ఉంటే అది వెనక్కి వెళ్ళి శాలువ సర్దుతోంది. ఎంత ప్రేమో అనుకున్నాను. అంతలో ముఖ్య అతిథి వచ్చారు. అందరూ లేచారు. నేనూ లేవబోయాను. కుర్చీ కూడా నాతోపాటు లేచింది! శాలువ రెండు కొసలూ కుర్చీ వీపుకు కట్టేసి ఉన్నాయి. మా ఇంటావిడ ముడికి తాత లాంటి ముడి!

మెల్లగా కూర్చున్నాను. వెనక నుంచి చెవిలో వినిపించింది.

"సభ నడుస్తుంది తాతా. గాడ్నే ఉండు."