బస్సు నీళ్లు

నేను పుట్టింది జమ్మలమడుగులో. పిల్లనిచ్చిన అత్తగారిల్లు పులివెందుల. కాపురం ప్రొద్దుటూరులో, ఉద్యోగం అక్కడికి దగ్గర్లోనే, చాపాడు వైపు ఒక పల్లె హైస్కూల్లో. ఈ మూడూళ్ల ముక్కోణం దాటి నేను లోకం చూడలేదని మా ఆవిడ అంటుంది. నిజమే. ఎర్రబస్సులో ఉదయం బయల్దేరితే సాయంత్రానికి నా లోకమంతా చుట్టి రావచ్చు. తెలుగు అయ్యవారికి అంతకన్నా లోకం దేనికని, చూడని జాగా అంతా కథలతో నింపుకుంటుంటాను.

కథలు చెప్పడం నాకు పులివెందుల దగ్గర మొదటి ఉద్యోగంలో అంటుకుంది. దోసకాయల తోటలో పడ్డ నక్క కథ ఒకటి అల్లి ఏడో తరగతికి చెప్పాను. నేను నీతి దాకా రాకముందే పిల్లలు రెండు పక్షాలుగా చీలిపోయారు. మా వైపు తగాదా వస్తే ఎవరి వసారాలోనో కుర్చీలేసి, టీలు తెప్పించి పంచాయితీ చేస్తారు. పిల్లలు అవన్నీ చూసి పెరిగినవాళ్లే. టీ ఒక్కటే తక్కువ, మిగతాదంతా జరిపించారు. నక్క పక్షాన ఒక పిల్లవాడు ఎంత బాగా మాట్లాడాడంటే, చివరికి రైతు పక్షం వాళ్లే నక్కకు రెండు దోసకాయలు ఇప్పించారు. నా నీతి నా జేబులోనే ఉండిపోయింది.

ఆ రోజు తట్టిన ఆలోచనే తర్వాత ఈ బడిలో తొమ్మిదో తరగతికి ఒక రూలయింది. నెలకొకసారి ఎవరి మీద కోపం ఉందో వాళ్లయిపోయి, 'నేను' అని మొదలుపెట్టి ఒక పేజీ రాయాలి. మార్కులు నేను వేయను. రాసింది ఆ మనిషికే చదివి వినిపించాలి. విని వాళ్లు నిజమేనని ఒప్పుకుని 'అవు' అంటే పాసు, అనకపోతే ఫెయిలు. ఫెయిలైనవాళ్లు ఆ మనిషి పక్కన ఒక పూట గడిపి మళ్లీ రాయాలి. మార్కులు నేను వేయకపోవడం బోధనలో పెద్ద మార్పని నేను చెప్పుకుంటాను. దిద్దడానికి బద్ధకమని మా ఆవిడ చెప్పుకుంటుంది.

పిల్లలు బాగానే రాశారు. ఒకడు వాళ్ల జేజి పెంచుకునే మేక తన టోపీ తినేసిందని మేక పక్షాన పేజీ రాసి, వెళ్లి మేకకే చదివాడు. అది 'మే' అంది. దాన్ని 'అవు' కింద జమ కట్టవచ్చా అని క్లాసులో ఒక పీరియడంతా వాదన నడిచింది. ఇంకొకడు ఏకంగా నా మీదే రాశాడు. "నేను సార్‌ని. నాకు కత మొదలుపెట్టేది తెలుసు, నిలిపేది తెలీదు. దినామూ బెల్లే నన్ను కాపాడతాది." రూలు నాదే కాబట్టి, నలభై మంది ముందు 'అవు' అనక తప్పింది కాదు.

అందరికన్నా నాకు నచ్చిన రాత ఒక అమ్మాయిది. దూరపు పల్లెల నుంచి బస్సులో వచ్చే పిల్లల్లో ఒకతె. ఆమె కథ తలుపు తట్టి రాదు, గోడ దూకి వస్తుంది. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అనే ముచ్చటే లేకుండా నేరుగా నడిమధ్యలో మొదలవుతుంది. ఇది పుట్టుకతో వచ్చిన నేర్పని స్టాఫ్ రూంలో చెప్పాను. కథ ఎత్తుకోవడమంటే ఇదీ అని క్లాసులో చదివి వినిపించాను. ఆ పిల్ల తల దించుకునేది. వినయం అనుకున్నాను.

నా మొదటి పీరియడు ఈ తొమ్మిదో తరగతికే. తొమ్మిదికి బెల్లు, పిల్లలు సర్దుకోగానే కథ. పల్లె బస్సు తొమ్మిదిన్నరకు గానీ రాదు. బస్సు ఆలస్యానికి పిల్లల్ని ఏమనగలం? వాళ్లు చప్పుడు చేయకుండా వచ్చి వెనక కూర్చునేవాళ్లు. ఇది కాక నాకు ఇంకో పని ఉండేది. ఫోను మీద నా వేళ్లు బాగా ఆడతాయని హెడ్‌మాస్టరు మేడం ఈ ఏడు నాకే అప్పగించారు. మధ్యాహ్నం ఎంతమంది తింటారో పొద్దున్నే ఫోనులో కొట్టాలి. దాన్ని బట్టి స్టోరు గదిలో చీటీ రాసి, బియ్యం పప్పు కొలిచి వంటకు ఇస్తారు. నేను తొమ్మిదింటికల్లా ఆ సంఖ్య కొట్టేసి క్లాసుకు ఉరికేవాణ్ణి.

వంట చేసేది ఒకామె. తురకల పిల్లలు పిన్నమ్మ వరసన ఖాలా అని పిలుస్తారు, వాళ్లను చూసి బడంతా ఖాలా అనే అంటుంది. నాకంటే ఐదారేళ్లు చిన్నదైనా నాకూ ఖాలానే. ఆమె చేసే గుడ్డు కూరకు వంక పెట్టలేం. సాంబారు మాత్రం ఈ ఏడు బడి తెరిచినప్పటి నుంచి పలచబడిపోయింది. ఒకరోజు నా ముఖం అందులో స్పష్టంగా కనపడింది. ఎవరికైనా భోజనం వేళ అంత కష్టం రాకూడదు.

నోటితో చెప్పి ఉంటే సరిపోయేది. నేను రాతగాణ్ణి కదా, మేడంకు ఒక లెటరు రాశాను. "సాంబారులో మునక్కాయ కోసం మునగాల్సి వస్తోంది" అన్న వాక్యం కుదిరాక, ఆ వాక్యం కోసమే మిగతా పేజీ రాశాను. మేడం చదివి నవ్వారు. శానా బాగా రాసినారు సార్ అన్నారు. నేను అక్కడితో తృప్తి పడి బయల్దేరబోతుంటే, దీన్ని శనివారం తల్లిదండ్రుల మీటింగులో పెడదామనీ, వంట మనిషిని మార్చమని ఒకరిద్దరు ముందే అడుగుతున్నారనీ, ఆ పనికి ఇంకొకామె సిద్ధంగా ఉందనీ చెప్పారు. నేను కోరుకున్నది ఆ మొదటి మెప్పు వరకే. నా రాతను ఒకరు నిజంగా పట్టించుకోవడం నాకు అదే మొదటిసారి. దాంతో ఒక మనిషి పని పోయేట్టుంది.

ఈ సంగతి బుధవారానికి క్లాసుకు తెలిసిపోయింది. బస్సమ్మాయి లేచి నిలబడింది.

"సార్, ఖాలా మింద మీకు కోపమంట గదా."

కోపమేమీ లేదన్నాను.

"కోపం లేకుండానే లెటరు రాసినారా సార్?"

నేను బల్ల మీద చాక్‌పీసు కోసం వెతికాను.

"అట్లయితే మీరూ ఒక పేజీ రాయాల సార్."

ఆ సాయంత్రం కూర్చుని ఖాలానయిపోయి రాశాను. పొయ్యి పొగ పెట్టాను. పొగలో కన్నీళ్లు పెట్టాను. కువైట్‌లో ఉన్న భర్తను ఎడారిలో నిలబెట్టి, ఇక్కడ ఆమె చెమట చుక్కను సాంబారులో రాల్చాను. రాస్తుంటే నాకే కళ్లు చెమర్చాయి. మా ఆవిడకు చదివి వినిపిస్తే ఆమె కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. కానీ ఆమె అప్పుడు ఎర్రగడ్డలు తరుగుతోంది కాబట్టి ఆ నీళ్లు ఎవరి ఖాతాలోవో తేలలేదు.

గురువారం భోజనాలయ్యాక క్లాసంతా వంటగది ముందు చేరింది. ఖాలా పెద్ద డేక్సా తోముతూ విన్నది. పేజీ అయిపోయాక చెయ్యి ఆపి అడిగింది.

"శానా బాగుండాది సార్. పాపం, ఎవురామె?"

పిల్లలు పడీపడీ నవ్వారు. ఆ తర్వాత ఆమె ఒక్కొక్కటే తీసేసింది. పొగ లేదు, గ్యాసు వచ్చి శానా దినాలయింది. భర్త ఎడారిలో లేడు, ఒక పెద్దింట్లో వంట చేస్తాడు, ఏ కూరకు ఏ మసాలా అని దినామూ రెండుసార్లు ఫోను చేసి ఆమె తల తింటాడు. రెండు దేశాల పొయ్యిలు తన మీద నడుస్తుంటే ఏడ్చేదానికి టైము యాడిది అని ఆమే నన్ను అడిగింది. సాంబారులో చెమట రాల్చిన సంగతికి మాత్రం కొంచెం నొచ్చుకుంది. నా వంట అంత గలీజుగా ఉంటాదా సార్ అన్నది.

ఫెయిలని క్లాసు ఏకకంఠంతో తీర్పు చెప్పింది. ఫెయిలైనవాళ్లకు శిక్షేమిటో పెట్టింది నేనే.

శుక్రవారం మొదటి పీరియడు లెక్కల సారుకు ఇచ్చి, పిల్లల శాపనార్థాలు మూటగట్టుకుని వంటగదిలో నిలబడ్డాను. అక్కడినుంచే అలవాటుగా సంఖ్య ఫోనులో కొట్టాను. కాసేపటికి చీటీ, దాని వెనకే కొలిచిన పప్పు వచ్చాయి. ఖాలా పప్పు కడిగి పొయ్యి మీద పెట్టింది. తొమ్మిదిన్నరకు రోడ్డు మీద బస్సు హారను వినపడింది. ఆమె వాకిట్లోకి తల పెట్టి, దిగుతున్న పిల్లల వైపు చూస్తూ పెదాలు కదిపింది. లోపలికి వచ్చి బిందెడు నీళ్లెత్తి పప్పులో పోసింది.

"ఏంది ఖాలా ఈ నీళ్లు?"

"బస్సు నీళ్లు సార్."

నాకు అర్థం కాలేదని నా ముఖం చూసి చెప్పింది.

"చీటీలో తొంభై అని వచ్చాది. బస్సులో ఇంగా ముప్పై మంది దిగుతారు. వాళ్లకి పప్పు రాదు, ఆకలి మాత్రం వచ్చాది. బియ్యమంటే ఇంట్లోది తెచ్చి కలుపుతాండా. పప్పు యాడ తేను?"

ఎవరికీ చెప్పలేదా అని అడిగాను. అడిగితే, నంబరు పైనుంచి వచ్చాది, మనం మార్చేది కాదన్నారట స్టోరు దగ్గర.

ఆ పైన ఉన్నది నా చొక్కా పైజేబు. ఫోను అందులోనే ఉంది. బస్సు పిల్లల్ని తర్వాత చేర్చుదామని జూన్ నుంచీ రోజూ అనుకుంటూనే ఉన్నాను. అనుకోవడంలో నాకు సెలవుల్లేవు. ఆ మాట అక్కడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఓహో అని, కత్తిపీట ముందేసుకుని టమోటాలు కోశాను. ముక్కలు చిన్నగా కొయ్యండి సార్, ఎక్కువ మందికి పడతాయి అని ఆమె పక్కనుంచి నేర్పింది.

శనివారం మీటింగు మా క్లాసులోనే. పిల్లల బెంచీల్లో పెద్దవాళ్లు మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నారు. ఖాలా తలుపు దగ్గర నిలబడింది. కిటికీల నిండా పిల్లల తలకాయలు. మేడం నా లెటరు పైకి చదివారు. మునక్కాయ వాక్యానికి గది గదంతా నవ్వింది. నా జన్మలో నా వాక్యానికి అంత నవ్వు రాలేదు, ఏ నవ్వూ అంతగా గుచ్చుకోలేదు. ఖాలా నవ్వలేదు, నేల చూసింది.

నేను లేచి, నాది ఇంకో పేజీ ఉందన్నాను. పేజీ అన్నానే గానీ ఉన్నవి ఐదారు ముక్కలు.

"నేను ఖాలాను. నాకు తొంభై మందికి పప్పిస్తారు. నేను నూట ఇరవై మందికి పెడతాను. తక్కువైనంత మేర నీళ్లు పోస్తాను. తొంభై అని చెప్పేది తెలుగు సారు. బస్సు వచ్చేదాకా ఆయన ఆగడు."

నేను ఖాలా వైపు తిరిగాను. ఆమె నా పైజేబులోని ఫోను వైపు చూసింది. ఆ సంఖ్య నాదని ఆమెకు అప్పుడే తెలిసింది.

"అవు అను ఖాలా," అని కిటికీలోంచి ఎవరో గుసగుసలాడారు.

"అంటా. అంటే అయిపోతాదా? సార్ పక్క ఎవురు చెప్తారు మల్ల?" అన్నది ఆమె. తర్వాత మేడం వైపు తిరిగి నెమ్మదిగా చెప్పింది. "సారు చెడ్డోడు కాదు మేడం. కతంటే ఆయనకి శానా ఆశ. నంబరు కొట్టేసి క్లాసుకి ఉరుకుతాడు. బస్సొచ్చేటప్పటికి కత సగం అయిపోయింటాది. పాపం ఆ బస్సు పిల్లోళ్లకి పప్పూ చాలదు, కత మొదలూ దొరకదు. నాకు వంటగదిలోకి అంతా వినపడతాది. మధ్యాన్నం అన్నం పెడతా పెడతా మొదలు నేనే చెప్తాండా."

కిటికీలో బస్సమ్మాయి ముఖం కోసం వెతికాను. ఆమె ఈసారి తల దించుకోలేదు.

"నాకు కతలు అట్లనే వచ్చాయి సార్, నడిమి నుంచి. అందుకే అట్ల రాస్తా. మొదలు రాసేది నాకు తెలీదు."

స్టాఫ్ రూంలో నేను చెప్పుకున్న ఆ పుట్టుకతో వచ్చిన నేర్పు, బస్సుతో వచ్చిన నేర్పు. నలభై మంది పిల్లల ముందు ఒకసారి అన్న మాటే, ఊరి ముందు ఇంకోసారి అన్నాను.

"అవు."

ఖాలా కూడా తలుపు దగ్గర నుంచి 'అవు' అన్నది. నేను పాసయ్యాను. ఖాలా పని నిలిచింది. మేడం లెటరును మడిచి నా చేతికిచ్చి, మంచి వాక్యమే సార్, ఇంట్లో దాచుకోండి అన్నారు. సంఖ్య ఇకమీదట బస్సు వచ్చాకే కొట్టాలన్నారు. నా పని ఎవరికైనా మార్చండన్నాను. మీరే చేయండి, ఇప్పుడు మీకే బాగా తెలుసు అన్నారు.

సోమవారం తొమ్మిదీ ముప్పావు అయినా బస్సు రాలేదు. పిల్లలు బోర్డు వైపు, నేను రోడ్డు వైపు చూస్తున్నాం. నాలుక మీద కథ దురద పెడుతోంది. ఒక్క ముక్క, ఊరి పేరు ఒక్కటి చెబితే ఏమవుతుందని నోరు తెరిచాను. ఖాలా వంటగది గుమ్మంలోకి వచ్చి, చీర కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ నా కిటికీ వైపు చూసింది.

"సార్, నంబరు?"

"బస్సు ఇంకా రాలేదు ఖాలా."

"అయితే కత మొదలుపెట్టగాకండి," అని లోపలికి పోయింది.

నేను నోరు మూసుకున్నాను.