నాలుగింటికి పన్నెండు గంటలు

మొన్నామధ్య నా చేతిలో మా మేడమ్ గడియారానికి పిచ్చెక్కిందంటే నమ్ముతారా? నా పని పోతుందనే అనుకున్నా.

ఇక్కడ గల్ఫ్‌లో, మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో నేను పనిచేసే ఇంటి హాల్లో ఒక పాత ఫ్రెంచి గడియారం ఉంది. ఒళ్ళంతా బంగారు పూత, పైన కూర్చున్న ఆడమనిషి బొమ్మ, లోపల చిన్న గంట. మేడమ్ వాళ్ళ నాన్న పోతూ ఇచ్చిపోయినది. ఆమెకి ప్రాణం. "రమణా, దుమ్ము తుడువు, అంతే. ఇంకేం ముట్టుకోవద్దు" అని చేరిన రోజే చెప్పింది.

ముట్టుకోలేదు! గడియారం ఒక కాలి కింద మడిచిన అట్టముక్క కనిపిస్తే, చెత్త కదా అని తీసేసినా. అది ఒరగకుండా పెట్టిన ఎత్తని నాకేం తెలుసు? పదిన్నర దాటినాక టిక్కుటిక్కు ఆగిపోయింది. వంటింట్లో పడి నేను చూసుకోలేదు. చూసేసరికి నాలుగు కావడానికి పది నిమిషాలుంది. నాలుగింటికి మేడమ్ స్నేహితురాళ్ళు టీకి వస్తారు!

అట్టముక్కని చెత్తబుట్టలోంచి ఏరి పెట్టి, వెనక వేలాడే లోలకం బిళ్ళని ఊపినా. నడిచింది! ఇంక టైమే కదా అని, మా ఇంట్లో గోడగడియారానికి సెల్లు మార్చి తిప్పినట్టు ముల్లు గిర్రున తిప్పినా. టంగ్, టంగ్ మని మొదలెట్టింది. మేడమ్ వింటుందని నా చున్నీ తీసి కప్పి, గంటలు ఆగేలోపే ముల్లు మూడు దాటించేసినా.

నాలుగైంది. అందరూ కూర్చున్నారు. ట్రేతో నేను నిలబడినా. గడియారం కొట్టింది... నాలుగు, ఐదు, ఆరు... పన్నెండు!

మేడమ్ నన్ను చూసింది. నేను ఖర్జూరాలని చూసినా. ఆమె ఫోన్ తీసి గడియారాలు బాగుచేసే చాచాకి వాట్సాప్‌లో వాయిస్ పెట్టింది.

మర్నాడు వచ్చినాడు చాచా. హైదరాబాద్ మనిషి. వెనక మూత తీసి ఒక ఇత్తడి చక్రం చూపించినాడు.

"ఎవరో మహానుభావుడు ఆకురాయితో చేత్తో రాసిన గాట్లమ్మా ఇవి. ఒంటిగంటకి చిన్న ఎడం, పన్నెండుకి పెద్ద ఎడం. ఇది ముళ్ళని చూడదు, దాని లెక్క దానిదే, ముళ్ళు ఎక్కడున్నా పదకొండు తర్వాత పన్నెండే కొడుతుంది. ప్రతి గంటా కొట్టనిచ్చి, అప్పుడు ముందుకి తిప్పాల. ఎవరు తిప్పింది?"

ఖలాస్, ఊరికి టికెట్టే అనుకున్నా. "నేనే చాచా" అని అట్టముక్క నుంచి చున్నీ దాకా అంతా కక్కేసినా. ఆయన మేడమ్‌కి హిందీలో చెప్పినాడు.

మేడమ్ సోఫాలో పడి నవ్వింది. "మా బాబా కూడా ఇట్లే తిప్పి మా అమ్మకి దొరికిపోయినాడు. చున్నీ కప్పాలని పాపం ఆయనకి తట్టలేదు!"

పని నిలిచింది. కానీ నలుగురిలో నోరు పెగలనిదాన్ని కదా నేను? ఇప్పుడు ఎవరొచ్చినా "యల్లా, కానీ రమణా, ఆ కథ నువ్వే చెప్పు" అని పిలుస్తుంది. గడియారం చూద్దామని వచ్చినోళ్ళు నన్ను చూసి పోతున్నారు!