సముద్రంలో మూడు మునకలు

మా అవ్వకు, అంటే మా అమ్మకు, మిగిలిన కోరిక ఒక్కటే: మొగుడితో కలిసి సముద్రంలో మునగాలి. ధర్మపురి గోదావరిలో దంపతులంతా కొంగుముడి వేసుకుని జంటగా మునుగుతుంటే, మా బాపు మాత్రం మెట్టు మీద కూర్చుని చెంబుతో పోసుకునేవాడు. ముప్పై ఏళ్ళకు పైగా ఇదే తంతు. "నాతోటి మునుగుతె మీ బాపుకు ఇజ్జత్ పోతదట" అని అవ్వ నా దగ్గర మూతి తిప్పేది.

బాపు బొగ్గుబాయి, అంటే గని, పని నుంచి రిటైరయ్యాక ముగ్గురం ఒక టూర్ బృందంతో కలిసి యూరప్ వెళ్ళాం. నెదర్లాండ్స్‌లో ఫ్లిస్సింగెన్ అనే పాత ఓడరేవు ఊళ్ళో బస్సు ఆగింది. "గీడనే మునుగుడు!" అని అవ్వ అప్పుడే ప్రకటించేసింది.

ఈ దేశంలో చాలా నేల సముద్రం కన్నా పల్లంలో ఉంటుందనీ, వెనకట గాలిమరలతోనే నీళ్ళు తోడేవారనీ గైడు చెబితే, నేను నోరు మూసుకోకుండా బాపుకు తెలుగులో విప్పి చెప్పాను. ఇక చూడండి! పాత చర్చిలోకి వెళ్తే బాపు రంగుటద్దాల వైపు కన్నెత్తి చూడలేదు. "రెండో దారి ఏది?" అని గోడలన్నీ తడిమాడు. ప్రమాదమొస్తే బయటపడడానికి బాయికి రెండు దారులుండాలి; ఎక్కడికెళ్ళినా ఆయనకు అదే లెక్క.

"దేవునింట్లకు వచ్చి దొంగ లెక్క దారులు ఎతుకుతవేందయ్యా!" అంది అవ్వ.

అక్కణ్ణుంచి సముద్రపు కట్ట వైపు నడిచాం. అక్కడ పెద్ద గాలిమర ఉంది. దాని రెక్కలు కదలడం లేదు. బాపు మొహం పాలిపోయింది.

"బిడ్డా, పంపు బంద్ పడ్డది! నడువుండ్రి, మీదికి నడువుండ్రి!"

రెండు చేతులూ చాపి మమ్మల్నే కాదు, బృందం మొత్తాన్నీ, కుక్కపిల్లతో పోతున్న ఇద్దరు డచ్చి ముసలమ్మలను కూడా కట్ట మీదికి తోలాడు. ఇది మన దేశపు ఆటేదో అనుకున్నారేమో, వాళ్ళు నవ్వుతూ ఎక్కేశారు. నాకు తల కొట్టేసినట్టయింది. గాలిమర దగ్గరున్న మనిషిని అడిగితే విషయం తెలిసింది.

"బాపూ, ఇది నీళ్ళు తోడేది కాదు. గోధుమలు పట్టే పిండిగిర్ని!"

అవ్వ నవ్వి నవ్వి కట్ట మీదే కూలబడింది. "గిన్నేండ్లు బాయిల పనిజేసి, పిండిగిర్నిని చూసి పరేషాన్ అయితివా!" నేనూ నవ్వాను. బాపు మాత్రం నవ్వకుండా వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు. కళ్ళు ఇంకా గాలిమర రెక్కల మీదే ఉన్నాయి. అది చూశాక నా నవ్వుకు నాకే సిగ్గేసింది.

"ఒకపారి బాయిల పంపు బంద్ పడ్డది" అన్నాడు. "గీడిదాంక నీళ్ళు." గొంతు మీద చెయ్యి పెట్టుకుని చూపించాడు. "అందరం బయటపడ్డం గని, అప్పటిసంది నీళ్ళల్ల మునగాల్నంటె దమ్ము ఆడదు."

"ఎప్పుడయ్యా?" అంది అవ్వ.

"గీ బిడ్డ నీ కడుపుల ఉన్నప్పుడు."

"మరి నాకు జెప్పద్దా?"

"జెప్తె నన్ను మల్ల బాయిల దిగనిస్తువా?"

అవ్వ వచ్చి బెంచీ మీద ఆయన పక్కన కూర్చుంది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. చివరికి అవ్వే లేచి, "నడువుండ్రి, బస్సుల కూసుందం. సముద్రం యాడికి పోతది" అంది.

బాపు కదల్లేదు. అవ్వ కొంగు అందుకుని తన తువ్వాలుకు ముడేశాడు. "గింత దూరమొచ్చి ఉత్తగనె పోతమా?" అంటూ ఇసుకలోకి దిగాడు.

నీళ్ళు మంచులా ఉన్నాయి. "అవ్వో, సచ్చిన!" అని అవ్వ కేకలు పెడుతూనే ఉంది. నడుముల లోతుకు వెళ్ళాక బాపు కళ్ళు గట్టిగా మూసుకుని ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరూ మునిగారు. లేస్తూనే బాపు దగ్గుతో ఉక్కిరిబిక్కిరయ్యాడు.

అవ్వ ఆయన మొహం తుడుస్తూ, "ఒకటి మునిగినం. ఇగ చాలయ్యా, నడువు" అంది.

"మూడు మునగాలె గదనే" అన్నాడు బాపు. "లెక్కవెట్టు."