పడమటి గోలు మొదళ్ళు

1979 ఎండాకాలం. బాన్సువాడ తహసీలు ఆఫీసులో నేను సర్వేయర్ని. కాలువ బంద్ పెట్టి పొలాలు ఖాళీగా ఉండే రోజులు కాబట్టి మా చైన్‌కి తీరిక ఉండదు. చైన్ అంటే భూమి కొలిచే వంద లింకుల ఇనుప గొలుసు. ఎండకు చేతులు కాలిపోయేవి. నాకు అసలే కోపం జాస్తి, ఎండాకాలంలో ఇంకా జాస్తి.

ఊరి శివారులో కాలువ పక్కన మూడెకరాల సర్కారు జాగ ఉండేది. అక్కడ ఒక ఫుట్‌బాల్ క్లబ్ ఆడేది. ఆ జాగలో గోదాము కడదామని కాగితం రాగానే, మా మైదానం మాకు వదలండని క్లబ్బువాళ్ళు అర్జీ పెట్టుకున్నారు. తహసీల్దారు గారు నన్ను పిలిచి ఒకటే మాట చెప్పారు. "పదేళ్ళుగా ఆడుతున్న మైదానమైతే వదిలేయమని రాస్తాను. ఎవరైనా కబ్జా పెట్టి దున్నుకుంటుంటే గోదాముకే. నువ్వు కళ్ళారా చూసి రాయి."

క్లబ్ కెప్టెన్ సాయిలు, ఊరి రైతు. వాళ్ళ చరిత్ర ఆఫీసు మెట్ల మీద నిలబడే చెప్పాడు. 1969లో కాలువకు ఈ పక్క ఊరివాళ్ళకు, ఆ పక్క క్యాంపులో కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతులకు మాటల్లేవు. అప్పుడు రెండు దిక్కుల పడుచువాళ్ళు కలిసి ఒక బంతి కొన్నారు. క్లబ్ అట్లా మొదలైంది.

"రిజిస్టర్ ఏది?" అన్నాను.

"ఆడేటోళ్ళకు రిజిస్టర్ ఏంది సార్? మైదానమే ఉన్నది గద, వచ్చి చూడున్రి."

వారం తర్వాత పోయి చూశాను. మైదానమంతా దున్ని, చదును చేసి, విత్తనానికి సిద్ధంగా ఉంది.

"సాయిలూ, ఏం పని చేసినవయ్యా?"

"సర్వే సార్ వస్తుండని సాఫ్ చేసినం. రెండు నాగళ్ళు కట్టి దున్ని గుంటక తోలినం. మస్తుగున్నది గద?" అతని మొహం వెలిగిపోతోంది. చుట్టం వస్తున్నాడని ఇల్లు అలికినట్టు, నేను వస్తున్నానని భూమి దున్నారు! నెత్తి కొట్టుకున్నాను.

"ఆడిన అడుగులు పోయినయ్, సున్నం గీతలు పోయినయ్. ఇప్పుడిది పొలం. నేను పొలమనే రాయాలె."

క్లబ్ ప్రెసిడెంటు సుబ్బారావు గారు, క్యాంపు పెద్ద, గొడుగు ముడిచి ముందుకొచ్చారు. "మా క్యాంపంతా సాక్షి సంతకాలు పెడతామండి."

"సంతకాలు నాకెందుకండీ? భూమి చెప్పాలె."

"అబద్ధం రాయమంటలేము సార్," అన్నాడు సాయిలు, మెల్లగానే గానీ గట్టిగా. "ఇంకొక్కసారి తిరిగి చూడున్రి. గంతే."

విసుక్కుంటూనే ఫీల్డ్ బుక్ తెరిచాను. కొలతలన్నీ అక్కడికక్కడ రాసుకునే పుస్తకం అది. చుట్టూ నడుస్తుంటే రెండు కొసల్లో నేల గట్టిగా, దున్నకుండా కనిపించింది.

"ఇక్కడెందుకు వదిలేసిన్రు?"

"నాగలి ఆగిపోయింది సార్. కింద మొద్దులు తగిలినయ్."

"ఏం మొద్దులు?"

"గోలు కర్రల మొదళ్ళు."

అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఏటా దసరాకు కొత్త కర్రలు పాతుతారు. తూర్పు గోలుకు ఊరివాళ్ళు వేప కర్రలు, పడమటి గోలుకు క్యాంపువాళ్ళు తుమ్మ కర్రలు తేవాలి. హోలీకి ఆట ముగియగానే కర్రల్ని నేలమట్టంగా నరికి కాముని మంటలో వేస్తారు. మొదళ్ళు భూమిలోనే ఉండిపోతాయి. మళ్ళీ దసరాకు జానెడు దక్షిణంగా జరిపి పాతుతారు.

"ఓరి మీ అసాధ్యం గూల! గీ ముచ్చట ఆఫీసులనే చెప్పొద్దా?" అని అరిచాను. "గడ్డపారలు తెండ్రి!"

మధ్యాహ్నం దాకా తవ్వాం. ఎవరూ నీడకు పోలేదు. తూర్పున పది జతల వేప మొదళ్ళు తేలాయి. పైన చెదలు తిన్నా లోపల చేవ గట్టిగానే ఉంది. చైన్ పరిచి ఒక్కొక్కదానికి ఆఫ్‌సెట్ తీశాను. అంటే గొలుసు నుంచి అడ్డంగా ఎంత దూరమో కొలవడం. వరస ఎక్కడా తప్పలేదు.

పడమట కూడా పది జతలే. ఆరో జత దగ్గర సుబ్బారావు గారు వంగి, గోటితో గీరి వాసన చూశారు.

"ఇది మాది కాదు. వేప."

సాయిలు అటు తిరిగి గడ్డపారకు మట్టి దులుపుతున్నాడు.

"డెబ్భై నాలుగు," అన్నారు ఆయన లెక్కపెట్టుకుని. "తూము దగ్గర నీళ్ళ కోసం కొట్టుకున్న ఏడు. కర్రలు ఇచ్చేది లేదన్నాను. అయినా గోలు లేచింది. మా కుర్రాళ్ళే దొంగతనంగా పాతారని వాళ్ళను తెగ తిట్టాను. ఒరేయ్ సాయిలూ, నువ్వా?"

"ఒక్క గోలుతోని ఏం ఆట కాకా?" అన్నాడు సాయిలు, తల ఎత్తకుండానే. "మీరు ఇయ్యాల గాకుంటె రేపు వస్తరని మేమే పాతినం."

సుబ్బారావు గారు మట్టిలోనే కూర్చుండిపోయారు. భుజం మీది కండువాతో కళ్ళు తుడుచుకున్నారు. నేను పుస్తకంలో తల దూర్చి రాశాను: 'పడమటి గోలు, ఆరో జత, వేప.'

రిపోర్టులో ఉన్నదున్నట్టు పెట్టాను. పైన కొత్త దుక్కి, కింద పదేళ్ళ మొదళ్ళు. తహసీల్దారు గారు వచ్చి స్వయంగా చూసి మైదానం వదిలేయమని రాశారు. గోదాము వేరే జాగకు పోయింది.

ఆ దసరాకు నన్నూ పిలిచారు. క్యాంపు నుంచి బండి మీద నాలుగు తుమ్మ కర్రలు దిగాయి. "రెండే గద కాకా?" అన్నాడు సాయిలు. "ఈ ఏడు తూర్పు గోలు కూడా మాదేరా, నోర్మూసుకుని గుంత తవ్వు," అన్నారు సుబ్బారావు గారు.

తర్వాత నేను రిటైరయ్యేదాకా ఎన్నో భూములు కొలిచాను. కళ్ళారా చూసినదైనా సగమేనని ఆ మైదానం నాకు నేర్పింది. అప్పటి నుంచి ఏ చెలకలో దిగినా గొలుసు విప్పకముందే రైతును అడిగేవాణ్ణి: నీ నాగలి ఎక్కడ ఆగింది?